కాంట్రాస్ట్ తగ్గిస్తే డైనమిక్ రేంజ్ పెరుగుతుందా? జంషెడ్‌పూర్ వెలుగుల్లో ఒక లెక్క

మార్చి 3 జంషెడ్‌జీ టాటా జయంతి. ఆ రోజు ముందూ వెనకా జంషెడ్‌పూర్‌లోని జూబ్లీ పార్కు దీపాలతో నిండిపోతుంది. ఉక్కు కంపెనీ స్వర్ణోత్సవానికి గుర్తుగా 1958లో నెహ్రూ చేతుల మీదుగా ప్రారంభమైన ఈ పార్కులో ఆ రాత్రుల్లో ఫోన్ పైకెత్తని చేయి కనిపించదు. ఇంటికి వెళ్లి చూసుకుంటే చాలా ఫొటోల్లో ఒకటే కథ. ఎరుపు, నీలం, ఆకుపచ్చ దీపాలన్నీ రంగు పోయి తెల్లటి మచ్చలుగా మారి ఉంటాయి. వాటి ముందు నిలబడిన పిల్లల ముఖాలు నల్లగా ఉంటాయి. పక్కనే కెమెరా పట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఇచ్చే సలహా కూడా ఒకటే: కాంట్రాస్ట్ తగ్గించు, డైనమిక్ రేంజ్ పెరుగుతుంది.

ఈ సలహాలో సగం నిజం ఉంది. మిగతా సగం తెలియకపోతే అదే సలహా ఫొటోను పాడు చేస్తుంది కూడా. కెమెరా మెనూలో కాంట్రాస్ట్ గీత అటూ ఇటూ జరిపినంత మాత్రాన సెన్సర్ పట్టుకునే వెలుగు ఒక్క చుక్క పెరగదు, తగ్గదు. మారేది సెన్సర్ పట్టుకున్న దానిలో ఎంత భాగం మన చేతికి వచ్చే ఫొటోలో మిగులుతుందన్నది. ఈ రెండూ వేర్వేరు సంగతులు.

గిద్ద నుంచి కుంచం దాకా

డైనమిక్ రేంజ్ అంటే ఒకే ఫొటోలో కెమెరా వివరంగా నమోదు చేయగల అతి ఎక్కువ వెలుగుకూ అతి తక్కువ వెలుగుకూ ఉన్న నిష్పత్తి. దీన్ని స్టాపుల్లో కొలుస్తారు. ఒక స్టాప్ అంటే రెట్టింపు. పాత తెలుగు ఇళ్లలో ధాన్యం కొలిచిన పద్ధతి గుర్తున్నవారికి ఇది కొత్త లెక్క కాదు. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. గిద్ద నుంచి కుంచానికి ఆరు మెట్లు, కానీ పరిమాణంలో తేడా 64 రెట్లు. స్టాపులూ అంతే. ఆరు స్టాపులంటే 64 రెట్లు, పది స్టాపులంటే 1,024 రెట్లు, పద్నాలుగంటే 16,384 రెట్లు.

సెన్సర్‌లోని ప్రతి పిక్సెల్ ఒక కొలపాత్ర. వెలుగు పడినప్పుడు అందులో ఎలక్ట్రాన్లు చేరతాయి. పాత్ర నిండాక ఇంకా పోసినా లోపలికి పోదు. ఆ పిక్సెల్ ఇక తెలుపే. అడుగున మరో హద్దు ఉంది. పాత్రలోని సరుకును లెక్కపెట్టే ఎలక్ట్రానిక్స్‌కు సొంతంగా కొంత తడబాటు ఉంటుంది. దాన్నే రీడ్ నాయిస్ అంటారు. ఆ తడబాటు కన్నా తక్కువ సరుకు ఉంటే ఉందో లేదో చెప్పలేం. ఉదాహరణకు ఒక పిక్సెల్ 50,000 ఎలక్ట్రాన్లు పట్టుకోగలిగి, లెక్కలో తడబాటు 3 ఎలక్ట్రాన్లయితే నిష్పత్తి దాదాపు 16,700. అంటే కాస్త అటూ ఇటూగా 14 స్టాపులు. ఇప్పటి పెద్ద సెన్సర్ కెమెరాలు కనిష్ఠ ఐఎస్ఓ వద్ద చేరుకునేది ఈ దరిదాపులకే.

ఈ సంఖ్యను నిజంగా మార్చేది ఐఎస్ఓ. 100 నుంచి 800కి పెంచితే పాత్రలో ఎనిమిదో వంతు నిండేసరికే కెమెరా దాన్ని పూర్తి తెలుపుగా లెక్కగడుతుంది. తడబాటు మాత్రం అలాగే ఉందనుకుంటే 6,250ని 3తో భాగించాలి. 14 స్టాపుల చోట 11 మిగులుతాయి. కొన్ని కొత్త సెన్సర్లు మధ్యలో ఒక ఐఎస్ఓ దగ్గర రీడ్ నాయిస్‌ను ఒక్కసారిగా తగ్గించుకుని పోయినదాంట్లో కొంత తిరిగి తెచ్చుకుంటాయి. అయినా దిశ మాత్రం కిందికే. రాత్రి జూబ్లీ పార్కులో ఆటో ఐఎస్ఓ 6400కి ఎగబాకిన కెమెరా తన డైనమిక్ రేంజ్‌లో చాలా భాగాన్ని అప్పటికే వదిలేసుకుంది. ఆ తరువాత కాంట్రాస్ట్ తగ్గించి లాభం అంతంతమాత్రం. దీపాల ఫొటోకు స్టాండూ, తక్కువ ఐఎస్ఓ, ఎక్కువ షట్టర్ సమయం ఇచ్చే మేలు ఏ మెనూ ఇవ్వదు.

మరి కాంట్రాస్ట్ చేసేదేమిటి?

సెన్సర్ ఇచ్చే లెక్క తిన్నగా ఉంటుంది. వెలుగు రెట్టింపయితే సంఖ్యా రెట్టింపే. 14 బిట్ల రా ఫైల్‌లో 16,384 మెట్లు ఉంటాయి. అందులో సగం, అంటే 8,192 మెట్లు, అన్నిటికన్నా ప్రకాశవంతమైన ఒక్క స్టాప్‌కే పోతాయి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే. ఈ పెద్ద గాదెలో ఉన్నది ఆ చిన్న గంపలోకి సర్దడానికి కెమెరా ఒక వంపు గీతను వాడుతుంది. ఫొటోగ్రఫీలో ఇలాంటి గీతల చరిత్ర పాతదే. ఫెర్డినాండ్ హర్టర్, వేరో డ్రిఫీల్డ్ అనే ఇద్దరు ఫిల్మ్‌పై పడే వెలుగుకూ అందులో వచ్చే నలుపుకూ ఉన్న సంబంధాన్ని 1890లోనే గీత గీసి చూపించారు. ఆ గీత అడుగున మెల్లగా లేచి, మధ్యలో నిటారుగా ఎక్కి, పైన మళ్లీ వాలిపోయే ఎస్ ఆకారం. డిజిటల్ కెమెరా జేపెగ్ తయారుచేసేటప్పుడు వాడేది కూడా దాదాపు ఇదే ఆకారం.

మెనూలో కాంట్రాస్ట్ పెంచడమంటే ఆ ఎస్ నడుమును మరింత నిటారు చేయడం. మధ్యలో ఉన్న టోన్ల మధ్య ఎడం పెరుగుతుంది, ఫొటో కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కానీ 256 మెట్లు పెరగవు కదా. నడుముకు ఎక్కువ మెట్లు ఇస్తే ఆ మేరకు తలా కాళ్లూ ఇరుకున పడాలి. ఒక తెల్ల గుడ్డ మడతల విలువలు 225, 235, 245గా ఉన్నాయనుకుందాం. కాంట్రాస్ట్ పెంచితే అవి 246, 250, 253 అవుతాయి. సాంకేతికంగా ఏదీ 255 కాలేదు, ఏదీ తెగిపోలేదు. కంటికి మాత్రం మడతల్లేని తెల్ల కాగితమే. చీకటి వైపూ ఇదే జరుగుతుంది. జుట్టు పాయలు 30, 22, 15 నుంచి 12, 8, 5కి దిగి నల్ల ముద్దగా మారతాయి.

తగ్గించినప్పుడు ఇందుకు తలకిందులు. నడుము వాలుతుంది, అంచులకు చోటు దొరుకుతుంది, సెన్సర్ పట్టిన వెలుగులో ఎక్కువ భాగం జేపెగ్‌లోకి వస్తుంది. ఆ అర్థంలో, ఆ అర్థంలో మాత్రమే, కాంట్రాస్ట్ తగ్గిస్తే డైనమిక్ రేంజ్ పెరుగుతుందన్న మాట నిజం. పిక్సెల్ నిండి పొర్లిపోయిన చోట మాత్రం ఎంత తగ్గించినా ఏమీ రాదు. అక్కడ తెలుపు కాస్తా బూడిద రంగు మచ్చ అవుతుంది, అంతే.

రా ఫైల్‌లో తీసేవారికి ఈ గొడవ లేదని చాలామంది అంటారు. అక్షరాలా నిజమే. కాంట్రాస్ట్ సెట్టింగ్ రా ఫైల్‌లో ఒక చీటీలా వెంట వెళ్తుందే తప్ప అందులోని సంఖ్యలను ముట్టుకోదు. అయితే కెమెరా వెనుక తెరపై కనిపించే బొమ్మ, దాని హిస్టోగ్రామ్, పొర్లిపోయిన చోట మిణుకుమిణుకుమనే హెచ్చరిక, ఇవన్నీ జేపెగ్ లెక్కతోనే గీసినవి. కాంట్రాస్ట్ ఎక్కువగా పెట్టుకుంటే రా ఫైల్‌లో ఇంకా ఒక స్టాప్ చోటున్నా హెచ్చరిక మిణుకుతుంది. అది చూసి ఫొటోగ్రాఫర్ ఎక్స్‌పోజర్ తగ్గిస్తాడు. నీడలు అవసరం లేకుండానే నాయిస్‌లో కూరుకుపోతాయి. సెట్టింగ్ ఫైల్‌ను మార్చలేదు, మనిషిని మార్చింది. రా తీసేవారిలో చాలామంది కాంట్రాస్ట్‌ను అట్టడుగున, పిక్చర్ స్టైల్‌ను న్యూట్రల్ లేదా ఫ్లాట్‌లో ఉంచేది ఇందుకే. తెర మీద బొమ్మ చప్పగా ఉంటుంది, హిస్టోగ్రామ్ మాత్రం నిజానికి దగ్గరగా ఉంటుంది.

కరిగిన ఇనుము రంగు ఎందుకు అబద్ధమాడుతుంది

జంషెడ్‌పూర్ అంటే ముందు ఉక్కు. 1907లో కంపెనీ ఏర్పడింది, 1912లో మొదటి ఉక్కు దిమ్మ వచ్చింది, 1919లో సాక్చి గ్రామానికి జంషెడ్‌పూర్ అన్న పేరు వచ్చింది. ఒకప్పుడు రాత్రివేళ స్లాగ్ పారబోస్తే ఊరి ఆకాశం ఎర్రబడేదని పాత తరం వాళ్లు ఇప్పటికీ చెబుతారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి పని వెతుక్కుంటూ వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల జ్ఞాపకాల్లోనూ ఆ ఎరుపు ఉంటుంది.

ఫొటోగ్రఫీకి ఇంతకన్నా కఠినమైన దృశ్యం అరుదు. కొలిమి నుంచి దిగే ఇనుము దాదాపు 1,500 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. ఆ వేడిలో వెలువడే శక్తిలో అధికభాగం కంటికి కనిపించని పరారుణ కిరణాలే. కనిపించే వెలుగులో ఎరుపు చాలా ఎక్కువ, ఆకుపచ్చ కొంత, నీలం నామమాత్రం. చుట్టూ ఉన్న షెడ్డు మసిబారి చీకటిగా ఉంటుంది. హెల్మెట్ పెట్టుకున్న మనిషి ముఖానికి ఒక పక్కన మాత్రమే ఆ వెలుగు తగులుతుంది. ధార వెలుగుకూ షెడ్డు మూలకూ ఉన్న తేడా ఏ సెన్సర్ హద్దునైనా సులువుగా దాటేస్తుంది.

ఇక్కడ మూడు రంగులూ ఒకేసారి నిండవు. ముందు ఎరుపు నిండుతుంది. ధార నిజరంగు నారింజ అనుకుంటే జేపెగ్‌లో అది ఎరుపు 255, ఆకుపచ్చ 120, నీలం 20 లాంటి సంఖ్యలతో మొదలవుతుంది. ఇంకాస్త ఎక్స్‌పోజర్ ఇస్తే ఎరుపు 255 దగ్గరే ఆగిపోతుంది, ఆకుపచ్చ మాత్రం 160కి, 200కి ఎక్కుతూ పోతుంది. నారింజ పసుపవుతుంది, పసుపు వెలిసిపోయి తెలుపవుతుంది. కాంట్రాస్ట్ పెంచితే ఈ ప్రయాణం మరింత వేగంగా జరుగుతుంది, ఎందుకంటే మధ్యలో ఉన్న ఆకుపచ్చను పైకి నెట్టేది ఆ నిటారు నడుమే. శాచురేషన్ పెంచితే ఎరుపు ఇంకా ముందే నిండుతుంది. ఉక్కు కర్మాగారాల కలర్ ఫొటోల్లో నిమ్మపండు రంగు ధారలు అంతగా కనిపించడానికి వెనుక చాలాసార్లు ఉన్నది ఈ లెక్కే.

దీన్ని కేవలం అందచందాల సమస్యగా తీసేయలేం. కొలిమి దగ్గర రంగే ఉష్ణోగ్రత. పరికరాలు రాకముందు అనుభవజ్ఞులైన పనివాళ్లు ముదురు నీలి గాజు అడ్డం పెట్టుకుని లోహం రంగు చూసి వేడి అంచనా వేసేవారు. ఆ నీలి గాజు చేసేదీ డైనమిక్ రేంజ్ పనే. మిరుమిట్లు తగ్గించి తేడాలు కంటికి అందేలా చేస్తుంది. కాంట్రాస్ట్ పెంచిన ఫొటో ఎర్రటి వేడిని పసుపు వేడిగా చూపిస్తే అది ఒక తప్పుడు సమాచారం. ప్రమాదాలపై, పని పరిస్థితులపై వార్తలో వాడే ఫొటో అయితే ఆ తేడా ఇంకా పట్టించుకోవాలి.

చేయగలిగింది ఏమిటంటే, ముందు హిస్టోగ్రామ్‌ను మూడు రంగులకు విడిగా చూడాలి. మొత్తం వెలుగును ఒకే గీతగా చూపే హిస్టోగ్రామ్‌లో ఆకుపచ్చదే పెద్ద వాటా. ఎరుపు పూర్తిగా పొర్లిపోయినా అది ప్రశాంతంగానే కనిపిస్తుంది. ఎరుపు గీత కుడి గోడను గుద్దకుండా ఎక్స్‌పోజర్ తగ్గించి, నీడలను తరువాత రా ఫైల్‌లో లేపుకోవడం రెండో పని. ధార నడిమధ్య భాగం ఎలాగూ పోతుంది. దాన్ని పోనిచ్చి, అంచుల్లో నారింజ మిగిలేలా చూసుకోవడమే తెలివి.

నలుపు తెలుపు కాలంలో ఈ రంగుల తంటా లేదు. 1951లో భారతదేశంలో పనిచేసిన స్విస్ ఫొటోగ్రాఫర్ వెర్నర్ బిషాఫ్ జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారాన్ని తీశారు. సునీల్ జానా కూడా స్వతంత్ర భారత పరిశ్రమలను విస్తారంగా చిత్రించారు. ఆ తరానికి కాంట్రాస్ట్ సెట్టింగ్ మెనూలో ఉండేది కాదు, డార్క్‌రూంలో ఉండేది. నెగెటివ్‌ను ఎంతసేపు డెవలప్ చేయాలి, ఏ గ్రేడు కాగితంపై ప్రింట్ వేయాలి అన్నవి వారి గీతలు. నెగెటివ్ విస్తారంగా పట్టుకునేది, కాగితం కొంతే చూపించేది. నేటి రా, జేపెగ్ సంబంధం అచ్చంగా అదే. ఒక తేడా ఉంది: నెగెటివ్ పారేయాలన్న ఆలోచన వారికెవరికీ రాలేదు. జేపెగ్ మాత్రమే దాచుకునేవారు రోజూ చేస్తున్నది ఆ పనే.

మధుపర్కాలు, చామనఛాయ ముఖాలు

బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఉంది. కద్మా, సోనారి వైపు తెలుగు ఇళ్లు తరాలుగా ఉన్నాయి. పెళ్లిళ్లకు ఫొటోలు తీసేవారు బెంగాలీలైనా, బిహారీలైనా, తెలుగువారైనా తెలుగు పెళ్లిలో వారికి ఎదురయ్యే చిక్కు ఒక్కటే. ముహూర్తం వేళకు వధూవరులిద్దరూ మధుపర్కాలు కట్టుకుంటారు. తెల్ల గుడ్డ, పసుపో ఎరుపో అంచు. వాటి పక్కన చామనఛాయ ముఖాలు, నల్లటి జడ, కాటుక. పైగా బంగారం.

లెక్క వేసి చూద్దాం. తెల్ల గుడ్డ తనపై పడిన వెలుగులో 90 శాతం వరకు తిప్పి పంపుతుంది. చామనఛాయ చర్మం 20 శాతం చుట్టుపక్కల. ఇద్దరూ ఒకే నీడలో ఉంటే తేడా రెండు స్టాపుల పైచిలుకు. అది ఏ కెమెరాకైనా తేలిక. అయితే పందిరి అంచు నుంచి ఎండ పడి, పంచె మీద ఒక పట్టీలా వెలిగితే? ఎండకూ తెరపి నీడకూ మధ్య మూడు స్టాపుల తేడా మామూలే. ఇప్పుడు ఎండపడ్డ పంచె, నీడలోని ముఖం కన్నా అయిదు స్టాపులు పైన ఉంది. ముఖాన్ని జేపెగ్‌లో మధ్యస్థంగా ఉంచితే దానికి పైన మిగిలే చోటు రెండున్నర, మూడు స్టాపులే. పంచె పొర్లిపోక తప్పదు.

ఈ స్థితిలో కాంట్రాస్ట్ రెండు మెట్లు తగ్గిస్తే కొంత మేలు. పూర్తి పరిష్కారం మాత్రం కాదు, ఎందుకంటే రెండు, రెండున్నర స్టాపుల లోటును మెనూ గీత పూడ్చలేదు. పంచెను కాపాడేలా ఎక్స్‌పోజర్ తగ్గించి ముఖానికి ఫ్లాష్ తోడివ్వడమో, రా తీసి తరువాత ముఖాన్ని లేపడమో చేయాలి. లేదా పందిరి వేసేవాళ్లతో ముందురోజే మాట్లాడి ఆ వైపు ఒక పరదా కట్టించాలి. చివరిది చవకైనది, అందుకే ఎవరూ చేయరు.

ఎక్కువ కాంట్రాస్ట్ వల్ల ముందుగా నష్టపోయేది నల్లటి చర్మమే. ఎస్ గీతలో మధ్య బూడిదకు కింద ఉన్నవాటన్నిటినీ ఇంకా కిందికి తోసేది ఆ సెట్టింగే. తెల్లటి ముఖం గీత పై భాగంలో ఉండి ఇంకా వెలుగుతుంది, నల్లటి ముఖం కిందికి జారి కళ్ల కింద నీడలు గుంటలవుతాయి. ఇది డిజిటల్‌తో మొదలైన పక్షపాతమూ కాదు. కొడాక్ ఒకప్పుడు ల్యాబులకు పంపిన షర్లీ కార్డుల మీద దశాబ్దాలపాటు తెల్లజాతి స్త్రీ ముఖమే ఉండేది, రంగుల సరిపోలిక ఆ ముఖానికే జరిగేది. మన పెళ్లి ఆల్బమ్‌ల్లో దీనికి విరుగుడుగా ముఖాలకు సున్నం వేసినట్టు తెల్లబరచడం అలవాటైపోయింది. తీసేటప్పుడు కాంట్రాస్ట్ పెంచి ముఖం నల్లగా చేసుకుని, తరువాత ఫొటోషాప్‌లో తెల్లగా చేయడం రెండు తప్పుల పని. తెర తొలగి జీలకర్ర బెల్లం పెట్టే క్షణం మళ్లీ రాదు. ఆ ఒక్క ఫొటోలో అమ్మాయి ముఖం ఆమె ముఖంలాగే ఉండాలని ఇంటివాళ్లు కోరుకోవడంలో అత్యాశేమీ లేదు.

పెళ్లి ఫొటోగ్రాఫర్ల ఈ బాధను సెన్సర్‌లోనే తీర్చాలని ఫుజీఫిల్మ్ ఒకసారి ప్రయత్నించింది. 2004లో వచ్చిన ఫైన్‌పిక్స్ ఎస్3 ప్రోలో ప్రతి పెద్ద పిక్సెల్‌కు తోడుగా వెలుగును తక్కువగా పట్టే ఒక చిన్న పిక్సెల్ ఉండేది. పెద్దది నిండిపోయాక చిన్నది లెక్క కొనసాగించేది. తెల్ల గౌన్ల పెళ్లిళ్లు తీసే పాశ్చాత్య దేశాల్లో ఆ కెమెరాలను ఇష్టపడ్డవారు ఎక్కువ. మన మధుపర్కాలకూ అవి అంతే సరిపోయేవి.

పేర్లు వేరు, పనులూ వేరు

మెనూల్లో కాంట్రాస్ట్ పక్కనే మరికొన్ని పేర్లుంటాయి. వాటిని కాంట్రాస్ట్‌కు మారుపేర్లనుకుంటే పొరపాటు. 2007 ప్రాంతంలో క్యానన్ తెచ్చిన హైలైట్ టోన్ ప్రయారిటీ, నికాన్ తెచ్చిన యాక్టివ్ డీ-లైటింగ్, ఫుజీలోని డీఆర్200, డీఆర్400 వంటివి ఎక్స్‌పోజర్‌నే మారుస్తాయి. డీఆర్400 తీరు చూస్తే విషయం అర్థమవుతుంది. కనిష్ఠ ఐఎస్ఓ 200 ఉన్న ఫుజీ కెమెరాలో అది పనిచేయాలంటే ఐఎస్ఓ 800 కావాలి. కెమెరా ఐఎస్ఓ 800కి తగిన కొద్ది వెలుగునే లోపలికి తీసుకుంటుంది, సెన్సర్‌ను మాత్రం 200 దగ్గరే నడిపిస్తుంది. అంటే రెండు స్టాపులు తక్కువ తీసి, హైలైట్లను నొక్కి ఉంచి మిగతా ఫొటోను పైకి లేపుతుంది. హైలైట్లు నిజంగానే దక్కుతాయి, బదులుగా నీడల్లో నాయిస్ పెరుగుతుంది. క్యానన్ సెట్టింగ్ ఆన్ చేస్తే ఐఎస్ఓ 100 దొరకకపోవడానికీ కారణం ఇదే. ఎక్స్‌పోజర్ మారింది కాబట్టి దీని ప్రభావం రా ఫైల్ మీదా ఉంటుంది. కాంట్రాస్ట్ గీతకు ఆ శక్తి లేదు.

ఫుజీ కొత్త కెమెరాల్లో హైలైట్ టోన్, షాడో టోన్ అని గీతను రెండు ముక్కలు చేశారు. ఒకే కాంట్రాస్ట్ గీత కన్నా ఇది చాలా నయం. ఎండపూట హైలైట్‌ను మాత్రమే మైనస్ 2కి దించి, నీడలను అలాగే ఉంచుకోవచ్చు.

జేపెగ్ తప్ప వేరే దారి లేనివారు

రా తీయండి అని చెప్పడం తేలిక. వార్తా ఫొటోగ్రాఫర్‌కు అది అన్నివేళలా కుదరదు. మ్యాచ్ నడుస్తుండగానే జేఆర్‌డీ టాటా స్పోర్ట్స్ కాంప్లెక్స్ నుంచి డెస్కుకు ఫొటోలు పంపాలి. నిబంధనలు కూడా అడ్డొస్తాయి. రా ఫైల్ నుంచి తయారుచేసిన ఫొటోలు తమకు పంపవద్దని, కెమెరాలోనే జేపెగ్‌గా తీసినవే పంపాలని రాయిటర్స్ సంస్థ 2015 నవంబరులో తన ఫ్రీలాన్స్ ఫొటోగ్రాఫర్లకు చెప్పింది. వేగంతో పాటు, వాస్తవాన్ని మార్చిన ఫొటోలు రాకూడదన్నది ఆ నిర్ణయం వెనుక ఉన్న ఆలోచన. అలాంటి చోట కాంట్రాస్ట్ సెట్టింగ్ షట్టర్ నొక్కకముందే తీసుకున్న సంపాదకీయ నిర్ణయం. కెమెరా కంపెనీ ఇంజనీరు గీసిన గీత వాస్తవం, మనిషి తరువాత గీసిన గీత కల్పన అన్న విభజన ఎంతవరకు నిలుస్తుందో అనుమానమే. అయినా పంపిన ఫైల్ ఒక్కటే అయినప్పుడు కాంట్రాస్ట్‌ను సున్నా నుంచి ఒకటి రెండు మెట్లు కింద ఉంచడం మంచిది. తరువాత డెస్కులో పెంచడం ఎప్పుడూ సాధ్యమే, నొక్కుకుపోయినదాన్ని విడదీయడం సాధ్యం కాదు.

డెస్కులో పెంచకా తప్పదు. నిగనిగలాడే ఫొటో కాగితం తెలుపుకూ నలుపుకూ మధ్య వంద రెట్ల తేడా చూపగలిగితే, వార్తాపత్రిక కాగితం చూపేది పది రెట్ల దరిదాపులోనే. అంటే మూడు స్టాపుల పైన కాస్త. 14 స్టాపుల సెన్సర్ చివరకు చేరేది అక్కడికి.

కాంట్రాస్ట్ ఎప్పుడూ శత్రువే అనుకోనక్కర్లేదు. చలికాలం పొద్దున్నే దల్మా కొండల పాదం దగ్గర డిమ్నా సరస్సు పొగమంచులో ఉంటే ఆ దృశ్యంలో మొత్తం తేడా మూడు నాలుగు స్టాపులే. హిస్టోగ్రామ్ నడుమ ఒక చిన్న గుట్టలా కూర్చుంటుంది, రెండు వైపులా ఖాళీ. అక్కడ కాంట్రాస్ట్ పెంచితే పోయేదేమీ లేదు, కొండ గీత స్పష్టమవుతుంది. అలాంటి దృశ్యాన్నే కాంట్రాస్ట్ బాగా తగ్గించి జేపెగ్‌లో తీస్తే నష్టం కూడా ఉంది. ఆకాశమంతా పది పన్నెండు మెట్లలో ఇరుక్కుంటుంది. తరువాత దాన్ని సాగదీస్తే మెట్టుకూ మెట్టుకూ మధ్య గీతలు బయటపడి ఆకాశం చారలు తేలుతుంది. లాగ్ ప్రొఫైల్‌లో 8 బిట్ల వీడియో తీసి, ఎడిటింగ్‌లో లాగేవారికి ఈ చారలు బాగా పరిచయం.

ఫోన్ల దారి వేరు. చిన్న సెన్సర్‌కు డైనమిక్ రేంజ్ తక్కువ కాబట్టి అవి ఒక్క ఫొటో తీయవు. తక్కువ ఎక్స్‌పోజర్‌తో వరుసగా కొన్ని తీసి కలుపుతాయి. నాయిస్ సగటులో కరిగిపోతుంది, దీపాల రంగు దక్కుతుంది. గూగుల్ హెచ్‌డీఆర్ ప్లస్ పేరుతో నెక్సస్ ఫోన్లలో మొదలుపెట్టిన పద్ధతి ఇప్పుడు దాదాపు అందరిదీ. 2021లో ఐఫోన్ 13తో యాపిల్ ఇచ్చిన ఫొటోగ్రాఫిక్ స్టైల్స్‌లో రిచ్ కాంట్రాస్ట్ అని ఒకటి ఉంది. అది ఎంచుకుంటే ఫోన్ కష్టపడి కూడగట్టిన నీడల వివరాల్లో కొంత మళ్లీ నల్లబడుతుంది. ఫొటోకు బరువు వస్తుంది, అది కొందరికి నచ్చుతుంది. ఏది పోగొట్టుకుంటున్నారో తెలిసి ఎంచుకుంటే తప్పేమీ లేదు.

జంషెడ్‌పూర్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో సెరైకెలా ఉంది. అక్కడి ఛౌ నృత్యాన్ని, పురూలియా, మయూర్‌భంజ్ శైలులతో కలిపి, 2010లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. సెరైకెలా నర్తకులు లేత రంగుల ముఖోటాలు ధరిస్తారు. చైత్ర పర్వం రాత్రుల్లో చీకటి నేపథ్యం మీద ఆ ముఖోటా ఒక్కటే వెలుగుతుంది. కెమెరా మీటరు ఆ చీకటినంతా చూసి ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది, ముఖోటా మీద గీసిన కనుబొమ గీత మాయమవుతుంది. ఇక్కడ కాంట్రాస్ట్ తగ్గిస్తే నల్లటి నేపథ్యం బూడిదబారుతుంది, పోయిన గీత మాత్రం తిరిగి రాదు. స్పాట్ మీటరింగ్‌తో ముఖోటా వెలుగును చూసి, అది మధ్యస్థం కన్నా ఒకటిన్నర స్టాప్ పైన ఉండేలా ఎక్స్‌పోజర్‌ను మాన్యువల్‌లో బిగించేయాలి. నేపథ్యం ఎంత నల్లగా పోతే అంత మంచిది. కాంట్రాస్ట్ గీతను సున్నా దగ్గరే వదిలేయొచ్చు.